ఒక గడి మారితే పక్క గడి ఎందుకు మారాలి?

ఈఎంఐ లెక్క వేసే పేజీని కంప్యూటర్ తెర మీద మనలో చూడనివాళ్లు తక్కువ. లోన్ మొత్తానికి ఒక గడి, వడ్డీ రేటుకి ఒకటి, కాలవ్యవధికి ఒకటి, ఈఎంఐకి ఒకటి. చాలా పేజీల్లో ప్రతి గడి పక్కనా మౌస్‌తో అటూ ఇటూ జరిపే స్లైడర్ కూడా ఉంటుంది. స్లైడర్ జరిపితే గడిలో అంకె మారుతుంది. గడిలో అంకె కొడితే స్లైడర్ జరుగుతుంది. వీటిలో ఏది మారినా చివర ఉన్న ఈఎంఐ మారుతుంది.

చూడ్డానికి ఇంత సులువుగా ఉన్న ఈ ఏర్పాటు వెనక సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒకటి కదిలినప్పుడు మిగతావాటిలో ఏది కదలాలి, ఏది కదలకూడదు? దీనికి జవాబు సరిగ్గా లేకపోతే ప్రోగ్రాం తప్పుగా నడవడంతో పోదు. ఇరవై ఏళ్ల అప్పు చడీచప్పుడు లేకుండా ముప్పై ఏళ్ల అప్పు కావచ్చు.

నేను చదివింది ఎంబీఏ, ఇంజనీరింగ్ కాదు. సూరత్‌లో పనిచేస్తూ రోజూ ఇలాంటి తెరల ముందు కూర్చోవడం వల్ల ఈ విషయం మీద ఆసక్తి కలిగింది. సూరత్ అనగానే మనకి చీరలూ వజ్రాలూ గుర్తుకొస్తాయి. ఇక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. కౌంటర్ దగ్గర గుజరాతీ, హిందీలతో పాటు తెలుగులోనూ మాట్లాడే అవకాశం నాకు వాళ్ల వల్లే దొరికింది. అందుకని ఈ వ్యాసంలో ఉదాహరణలు కొన్ని మగ్గం నుంచి, కొన్ని మన లోన్ కాగితాల నుంచి తీసుకున్నాను.

మూడు రకాల ముడులు

తెర మీద మనం నొక్కేవి, జరిపేవి, నింపేవి అన్నిటినీ కలిపి కంట్రోల్స్ అంటారు. ఒకదానితో ఒకటి ముడిపడ్డ కంట్రోల్స్ మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకంలో ఒకే విలువకి రెండు ముఖాలు ఉంటాయి. స్లైడరూ, దాని పక్క గడీ ఇలాంటివే. వాల్యూమ్ బారూ, దాని పక్కన కనిపించే అంకే కూడా అంతే.

రెండో రకంలో ఒకటి తల్లి, ఇంకొకటి పిల్ల. రాష్ట్రం ఎంచుకుంటే ఆ రాష్ట్రంలోని జిల్లాల జాబితా మాత్రమే తెరుచుకుంటుంది.

మూడో రకంలో గడులని ఒక లెక్క కట్టి ఉంచుతుంది. ఉద్యోగ దరఖాస్తు కోసం పిల్లల ఫొటోని పెయింట్ ప్రోగ్రాంలో చిన్నది చేసేటప్పుడు, నిష్పత్తి చెడకుండా ఉంచే టిక్ పెడితే వెడల్పు మార్చగానే ఎత్తు దానంతటదే మారుతుంది. ఈఎంఐ కూడా ఈ రకమే. కాకపోతే ఇక్కడ గడులు రెండు కాదు, నాలుగు.

ఒకరికొకరు కబురు పంపుకుంటే

మొదటి రకం అన్నిటికన్నా తేలిక అనిపిస్తుంది. స్లైడర్ కదలగానే గడికి కబురు పంపాలి, గడి మారగానే స్లైడర్‌కి కబురు పంపాలి. ఇంతే కదా అనుకుంటాం. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే పిల్లలు తరచుగా రాసేది కూడా ఇలాగే.

ఇప్పుడేం జరుగుతుందో చూడండి. స్లైడర్ కదిలి, గడికి కబురు వెళ్లి, గడి మారింది. గడి మారింది కాబట్టి అది స్లైడర్‌కి కబురు పంపింది. స్లైడర్ మళ్లీ గడికి పంపింది. ‘నాకు తెలిసింది’ అని ఒకరు, ‘నీకు తెలిసిందని నాకూ తెలిసింది’ అని ఇంకొకరు ఫోన్ పెట్టకుండా మాట్లాడుకున్నట్టు ఈ వరస ఆగదు. తెర వణుకుతుంది, లేదా ప్రోగ్రాం బిగుసుకుపోతుంది.

దీనికి ఒక విరుగుడు ఉంది. వచ్చిన విలువా, తన దగ్గర ఉన్న విలువా ఒకటే అయితే ఆ కంట్రోల్ కబురు పంపకూడదు. తెర మీది ప్రోగ్రాంలు రాయడానికి వాడే క్యూటీ అనే సాధనంలో స్లైడర్, అంకెల గడి ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. పాత విలువనే మళ్లీ ఇస్తే అవి మారినట్టు చెప్పవు. కాబట్టి కబురు ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఇది కాక, ప్రోగ్రామే విలువ మారుస్తున్నంతసేపు కబుర్లు ఆపి ఉంచే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు.

రెండు గడుల వరకూ ఈ విరుగుడు చాలు. గడులు నాలుగైతే ఎవరు ఎవరికి చెప్పాలో దారులే పన్నెండు అవుతాయి. అందులో ఏ ఒక్కటి రాయడం మరిచిపోయినా రెండు గడులు రెండు వేరు మాటలు చెబుతాయి.

మగ్గం చూపించే దారి

పాత రకం నాడె మరమగ్గాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లకి దీని పరిష్కారం తేలిగ్గా తెలుస్తుంది. మగ్గంలో పనులు మూడు. పడుగు పోగుల్లో సగం పైకి, సగం కిందికి విడిపోయి దారి ఇవ్వాలి. ఆ దారిలో నుంచి నాడె పేకని తీసుకుని అటు నుంచి ఇటు దూకాలి. తర్వాత పలక ముందుకొచ్చి ఆ పోగుని బట్టకి దగ్గరగా కొట్టాలి. ఏ ఒక్కటి ముందూ వెనకా అయినా నాడె పడుగులో చిక్కుకుంటుంది, వందల పోగులు తెగుతాయి.

అయితే మగ్గంలో నాడె పలకకి కబురు పంపదు. పలక పోగులకి చెప్పదు. మోటారు తిప్పే ప్రధాన ఇరుసు ఒకటుంటుంది. పలక దాని నుంచి కదులుతుంది. పళ్ల చక్రాల ద్వారా దానికి ముడిపడి, సగం వేగంతో తిరిగే ఇరుసు ఇంకొకటి కింద ఉంటుంది. సాదా నేతలో పోగులని విడదీయడం, నాడెని విసరడం దాని పని. అన్నీ ఒక్క ఇరుసునే అనుసరిస్తాయి కాబట్టి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే కలిసి నడుస్తాయి.

మంచి సాఫ్ట్‌వేర్ కూడా ఇంతే. అసలు విలువ కంప్యూటర్ లోపల ఒకే ఒక్కచోట ఉంటుంది. స్లైడర్, గడి, పక్కన గీసిన గ్రాఫు అన్నీ దాన్ని చూపించే అద్దాలు మాత్రమే. మనం స్లైడర్ జరిపితే అది గడిని మార్చదు, లోపలున్న అసలు విలువని మార్చమని అడుగుతుంది. ఆ విలువ మారాక అద్దాలన్నీ దాన్ని చూసి తమని సరిచేసుకుంటాయి. గడులు నాలుగైనా నలభై అయినా ప్రతిదానికీ దారి ఒక్కటే, లోపలి విలువ దగ్గరికి.

ఈ ఆలోచనకి స్పష్టమైన రూపం ఇచ్చినాయన నార్వే దేశస్థుడు ట్రిగ్వే రీన్స్‌కాగ్. 1978–79లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో అతిథిగా ఉన్నప్పుడు ఆయన దీన్ని మోడల్, వ్యూ, కంట్రోలర్ అని మూడు భాగాలుగా విడదీసి రాశారు. అసలు విలువ మోడల్, దాన్ని చూపించేది వ్యూ, మనం చేసిన మార్పుని లోపలికి చేరవేసేది కంట్రోలర్. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలని ఎంవీసీ అంటే ఏమిటని అడిగి చూడండి, వెంటనే చెబుతారు.

బ్యాంకు కుటుంబాలకి ఇది కొత్త సంగతేమీ కాదు. ఒకప్పుడు బ్రాంచి లెడ్జర్‌లో ఒక బ్యాలెన్స్, పాస్‌బుక్‌లో ఒక బ్యాలెన్స్ ఉండేవి. రెండూ కలవకపోతే లెడ్జరే ప్రమాణం. ఇప్పుడు కోర్ బ్యాంకింగ్‌లో ఏటీఎం, మొబైల్, కౌంటర్ అన్నీ ఒకే ఖాతాని చూపించే అద్దాలు.

తల్లి మారితే పిల్ల సంగతి?

రెండో రకానికి వద్దాం. సూరత్‌లో ఖాతా తెరిచే మన తెలుగువాళ్ల దరఖాస్తులో మామూలుగా రెండు చిరునామాలు ఉంటాయి. శాశ్వత చిరునామా సిరిసిల్లో, వరంగల్లో అవుతుంది, ప్రస్తుత చిరునామా సూరత్. రాష్ట్రం గడిలో గుజరాత్, జిల్లా గడిలో సూరత్ ఎంచుకున్నాక రాష్ట్రాన్ని తెలంగాణగా మార్చామనుకోండి. జిల్లా గడిలో సూరత్ అలాగే మిగిలితే, తెలంగాణలో సూరత్ జిల్లా అనే లేని ఊరు పుడుతుంది. తల్లి గడి మారగానే పిల్ల గడి ఖాళీ కావాలి. ఖాళీగా ఉన్నంతవరకూ ఫారం ముందుకి పోకూడదు. జాబితాలో మొదటి పేరుని దానంతటదే పెట్టేయడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అది తప్పు అని ఎవరికీ అనిపించదు.

జాబితా కూడా కాలంతో పాటు మారాలి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ఇంకో రెండు చేరి 33 అయ్యాయి. కరీంనగర్ జిల్లాలో ఉన్న సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త జాబితాలో ఇంకో జిల్లా ఉంటే చిరునామాలు కలవవు.

‘ప్రస్తుత చిరునామా కూడా ఇదే’ అనే టిక్ గడిలోనూ ఒక మెలిక ఉంది. టిక్ పెట్టగానే పై చిరునామాని ఒక్కసారి కాపీ చేసి ఊరుకుంటుందా, లేక ముడి అలాగే ఉంచుతుందా? కాపీ మాత్రమే అయితే తర్వాత పైన చేసిన దిద్దుబాటు కిందికి రాదు. ముడి ఉంటే కింది గడులు బూడిద రంగులో, కొట్టడానికి వీల్లేకుండా కనిపించాలి. ఏది జరుగుతోందో చూసేవాడికి తెలియాలి, అంతే. ఏ ఫారం నింపినా సబ్మిట్ నొక్కే ముందు టిక్ పెట్టిన భాగాన్ని ఒకసారి చదువుకోవడం మంచిది.

నాలుగు గడులు, ఒక లెక్క

ఇక ఈఎంఐ. లోన్ మొత్తం, రేటు, నెలలు, ఈఎంఐ అనే నాలుగింటిని ఒకే సూత్రం కట్టి ఉంచింది. మూడు తెలిస్తే నాలుగోది వస్తుంది. అంటే ఎప్పుడూ మూడు గడులు మన చేతిలో ఉంటాయి, ఒకటి లెక్క చేతిలో ఉంటుంది. ఆ ఒక్కటి ఏదో సూత్రం చెప్పదు. అది మనుషులు చేయాల్సిన నిర్ణయం.

ఒక ఉదాహరణ. 20 లక్షల గృహ రుణం, 7 శాతం వడ్డీ, 240 నెలలు. ఈఎంఐ 15,506 రూపాయలు. ఇప్పుడు రేటు గడిలో 8.5 కొట్టండి. తెర రెండు రకాలుగా స్పందించవచ్చు.

నెలలని కదలకుండా ఉంచితే ఈఎంఐ 17,356 అవుతుంది. నెలకి 1,850 రూపాయలు ఎక్కువ. ఇంటి ఖర్చులో వెంటనే తెలుస్తుంది.

ఈఎంఐని కదలకుండా ఉంచితే నెలలు 347 అవుతాయి. 20 ఏళ్ల అప్పు దాదాపు 29 ఏళ్లకి వెళ్లింది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఎందుకంటే ప్రతి నెలా ఖాతా నుంచి పోయే అంకె మారలేదు.

రెండు జవాబులూ లెక్క ప్రకారం సరైనవే. గడులు రెండూ సూత్రంతో కలిసే ఉన్నాయి. అయినా ఒక కుటుంబానికి ఈ రెండూ ఒకటి కావు.

రేటు 9 చేసి చూడండి. ఈఎంఐ 15,506 దగ్గరే ఉంచితే 458 నెలలు దాటుతుంది, అంటే 38 ఏళ్ల పైమాట. కాలవ్యవధి స్లైడర్‌కి 30 ఏళ్లే హద్దు అయితే ఏమవుతుంది? నిర్లక్ష్యంగా రాసిన తెరలో స్లైడర్ 30 దగ్గర ఆగిపోయి, ఈఎంఐ గడి 15,506 అనే చూపిస్తుంది. ఇది పచ్చి అబద్ధం. 9 శాతానికి 30 ఏళ్లలో అప్పు తీరాలంటే 16,092 కట్టాలి. హద్దు తగిలినప్పుడు తెర ఆ సంగతి పైకి చెప్పాలి.

9.5 కొడితే ఇంకో వింత. 20 లక్షల మీద ఒక నెల వడ్డీయే 15,833 రూపాయలు. కట్టేది 15,506. వడ్డీకే చాలదు. నెలనెలా కడుతున్నా అప్పు పెరుగుతూ పోతుంది. దీనికి నెలల లెక్కే లేదు. ఎక్సెల్‌లో నెలలు తేల్చే ఎన్‌పర్ ఫార్ములాకి ఈ అంకెలు ఇస్తే జవాబు బదులు ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ని దాచి సున్నా చూపించే తెర కన్నా, ఎర్రర్ చూపించే తెరే నిజాయితీ గలది.

రూపాయి సవరిస్తే నెల పోతుంది

ఇలాంటి గడుల్లో కంటికి కనబడని ఇంకో చిక్కు ఉంది. పైన ఈఎంఐ అసలు విలువ 15,505 రూపాయల 98 పైసలు. పై రూపాయికి సవరించి 15,506 చూపించాం. ఇప్పుడు తెర ఆ 15,506 నుంచి వెనక్కి నెలలు లెక్క కడితే 240కి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. మిగిలిన భిన్నాన్ని కొట్టేసే పద్ధతి ఉంటే 239 అవుతుంది. 239 నెలలకి ఈఎంఐ మళ్లీ కడితే 15,536. దాని నుంచి వెనక్కి వస్తే 238. మళ్లీ కడితే 15,566, వెనక్కి వస్తే 237. ఎవరూ ఏ గడీ ముట్టుకోకపోయినా అంకెలు వాటంతటవే జారిపోతుంటాయి.

కారణం ఒక్కటే. తెర మీద చూపించడానికి సవరించిన అంకెని అసలు విలువగా తీసుకున్నారు. అద్దంలో బొమ్మని చూసి మనిషిని దిద్దినట్టు. లోపలి విలువని పైసలతో, భిన్నాలతో అలాగే ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే సవరిస్తే ఈ జారుడు ఉండదు.

అంకె కొట్టే సమయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 15506 అని కొట్టేవాడు ముందు 1 నొక్కుతాడు. ఆ క్షణమే ఈఎంఐ ఒక రూపాయి అనుకుని మిగతా గడులన్నీ తలకిందులైతే ఎవరికైనా చిరాకే. అందుకే స్లైడర్ జరుపుతున్నప్పుడు వెంటవెంటనే, గడిలో కొడుతున్నప్పుడు ఎంటర్ నొక్కాకో ఆ గడి వదిలాకో లెక్క కట్టడం మంచి పద్ధతి.

ఏ గడి కదలాలో ఎవరు చెప్పాలి?

ఇదంతా కేవలం తెర సంగతి కాదని చెప్పడానికి ఈమధ్య చరిత్ర చాలు. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ గృహ రుణాల రేటుని బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. చాలా బ్యాంకులకి ఆ ప్రమాణం రెపో రేటు. అంటే రేటు గడి నేరుగా ముంబైలోని రిజర్వ్ బ్యాంకు నిర్ణయానికి జత అయింది. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరి నాటికి 6.50 అయింది. రెండున్నర శాతం. పై ఉదాహరణలో 7 నుంచి 9.5కి జరిగినంత దూరం.

ఆ రోజుల్లో మా ప్రాంతంలో తెలుగు కస్టమర్ల నోట తరచుగా విన్న మాట ఇది: “సారూ, వడ్డీ పెరిగిందంటున్నరు, నా కిస్తు మాత్రం పెరగలే. మంచిదే గదా?” కిస్తు పెరగకపోతే పెరిగింది నెలలన్నమాట. ఇద్దరూ మగ్గం దగ్గర నిలబడి సంపాదించే ఇంట్లో, ఇంటిపెద్దకి యాభై ఐదేళ్లకి తీరాల్సిన అప్పు అరవై నాలుగు దాకా నడిస్తే అది మంచిది కాదు. మగ్గం పనికి పింఛను లేదు, చూపూ చెవీ మందగించాక ఆదాయం లేదు.

2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఈ విషయం మీదే సర్క్యులర్ ఇచ్చింది. ఈఎంఐ పద్ధతిలో తీసుకున్న ఫ్లోటింగ్ వ్యక్తిగత రుణాల్లో, గృహ రుణాలతో సహా, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా, కొంత అదీ కొంత ఇదీ చేసుకోవాలా అన్నది రుణం తీసుకున్నవారు ఎంచుకునే అవకాశం ఇవ్వాలని చెప్పింది. కాలం పొడిగింపు వల్ల కట్టేది వడ్డీకే చాలని పరిస్థితి రాకూడదని చెప్పింది. ప్రతి మూడు నెలలకీ ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా చెల్లించిన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, మిగిలిన ఈఎంఐల సంఖ్య, వార్షిక రేటు ఉండాలని చెప్పింది. పాత, కొత్త రుణాలన్నిటికీ 2023 డిసెంబర్ 31 లోపు అమలు చేయమంది.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రిజర్వ్ బ్యాంకు చేసింది ఇదే: ఏ గడికి తాళం వేయాలో ప్రోగ్రాం ముందే నిర్ణయించకూడదు, ఆ తాళం చెవి కస్టమర్ చేతిలో ఉండాలి. మంచి లెక్క తెరలో ఈఎంఐ పక్కన, నెలల పక్కన చిన్న తాళం గుర్తు ఉంటుంది. దేన్ని కదలనివ్వద్దో మనమే నొక్కుతాం.

ఇంట్లో చేసి చూడండి

సిబ్బంది రుణాలకి నిబంధనలు వేరు కాబట్టి మన ఇళ్లలో ఈ లెక్క అంతగా తగలదు. కానీ మీ అన్నదమ్ములకీ, ఆడపడుచులకీ, ఉద్యోగంలో చేరిన పిల్లలకీ మామూలు గృహ రుణాలు ఉండే ఉంటాయి. ఒక ఆదివారం వాళ్ల స్టేట్‌మెంట్ తెప్పించుకుని ఎక్సెల్ తెరవండి.

అసలు, రేటు, నెలలు మూడు గడుల్లో వేసి పీఎంటీ ఫార్ములాతో ఈఎంఐ తేల్చండి. వేరే వరసలో అసలు, రేటు, ఈఎంఐ వేసి ఎన్‌పర్‌తో నెలలు తేల్చండి. రెండు వరసలూ విడిగా ఉంచండి. ఒకే వరసలో రెండిటినీ ఒకదానితో ఒకటి ముడిపెడితే ఎక్సెల్ వృత్తాకార సూచన అని హెచ్చరిస్తుంది. ‘ఎవరి మాట ఎవరు వినాలో ముందు తేల్చుకోండి’ అని దాని అర్థం.

తర్వాత స్టేట్‌మెంట్‌లో మిగిలిన ఈఎంఐల సంఖ్య చూడండి. రుణం తీసుకున్న రోజు నుంచి కట్టిన నెలలు దానికి కలపండి. మొదట రాసుకున్న వ్యవధి కన్నా ఎక్కువ వస్తే నెలల గడి కదిలిందన్నమాట. 2025 ఫిబ్రవరి నుంచి రెపో తగ్గడం మొదలైంది. రేటు తగ్గినప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగాలి, ఈఎంఐ తగ్గిందా, నెలలు తగ్గాయా? ఇంతకు ముందు నెలలు పెరిగి ఉంటే, స్తోమత ఉన్నవాళ్లు ఈఎంఐని అలాగే ఉంచి నెలలని వెనక్కి తెచ్చుకోవడం మేలు.

ఆ తర్వాత బ్రాంచికి వెళ్లి ఒక్క మాట అడగమనండి: “నా లోన్‌లో రేటు మారినప్పుడు ఏది మారుతోంది? నాకు కావలసింది మారేలా రాసిస్తాను.” అడిగినవాళ్లకి జవాబు చెప్పడం, అడగనివాళ్లకి గుర్తు చేయడం, కౌంటర్‌కి ఇవతల కూర్చున్న మన పని.